చల్లదనానికి ఒక బిల్లు, వేడికి ఇంకో బిల్లు: మాంసం ప్లాంట్‌లో ఎనర్జీ ఎక్కడ పోతోంది?



ఒక బిల్డింగ్ ఊహించుకోండి. గోడకి ఇటు పక్క గదిలో మైనస్ 18 డిగ్రీలు. అటు పక్క హాల్లో కుళాయి తిప్పితే 82 డిగ్రీల వేడి నీళ్లు. మధ్యలో ఒక్క గోడ, 100 డిగ్రీల తేడా. ఇటు పక్క చల్లగా ఉంచడానికి రాత్రీ పగలూ కరెంట్ ఖర్చవుతోంది. అటు పక్క నీళ్లు వేడి చేయడానికి బొగ్గో, ఫర్నేస్ ఆయిలో, ఊకో కాలుతోంది. మరి చల్లటి గదిలోంచి లాగేసిన వేడి ఎక్కడికి పోతోంది? పైకప్పు మీదికి. అక్కణ్నుంచి గాల్లోకి.

అంటే ఒకే బిల్డింగ్‌లో, ఒకే టైమ్‌లో, ఒక డిపార్ట్‌మెంట్ డబ్బులు ఖర్చు పెట్టి వేడిని బయట పారేస్తోంది. పక్క డిపార్ట్‌మెంట్ డబ్బులు ఖర్చు పెట్టి వేడిని కొనుక్కుంటోంది. మన పెద్దవాళ్లు దీనికి ఎప్పుడో సామెత చెప్పారు కదా, వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టు అని.

ఆ బిల్డింగే మాంసం ప్రాసెసింగ్ ప్లాంట్. ఈ రోజు ఎపిసోడ్ దాని గురించే. మాంసం తినని వాళ్లు కూడా ఉండండి, వెళ్లిపోకండి. పాల డైరీలో, రొయ్యల ప్లాంట్‌లో, ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో దాదాపు ఇవే మెషీన్లు, ఇదే కథ.

ముందు, ఇది మనకెందుకు? మన దగ్గర ఆదివారం మటన్ అంటే ఏంటి? తెల్లవారుజామున కోస్తారు, పొద్దున్నే షాపు ముందు లైన్, మధ్యాహ్నానికి కూర. ఫ్రిజ్‌కి పనే లేదు. ఈ పద్ధతిలో పరిశుభ్రత సమస్యలు ఉండొచ్చు గానీ, కరెంట్ ఖర్చు మాత్రం చాలా తక్కువ. ఇప్పుడు అది మారుతోంది. యాప్‌లో ఆర్డర్ పెడితే చల్లటి ప్యాకెట్‌లో చికెన్ వస్తోంది. సూపర్‌మార్కెట్‌లో ఫ్రోజెన్ కబాబ్ దొరుకుతోంది. గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలోనే పెద్ద దేశాల్లో ఒకటి, అదంతా గడ్డకట్టించి పంపేదే. అంటే కోల్డ్ రూమ్ లేని పద్ధతి నుంచి కోల్డ్ రూమ్ లేకపోతే నడవని పద్ధతికి మారుతున్నాం.

ఇలాంటి ప్లాంట్‌లో పెట్టే కంప్రెసర్, బాయిలర్ ఫోన్‌లాంటివి కాదు, రెండేళ్లకోసారి మార్చడానికి. 20, 25 ఏళ్లు నడుస్తాయి. ఇవాళ ఆర్డర్ పెట్టిన మెషీన్ 2045లో కూడా అక్కడే ఉంటుంది. ఇప్పుడు డిజైన్ తప్పుగా వేస్తే ఆ తప్పుకి పాతికేళ్లు బిల్లు కడుతూనే ఉండాలి. అసలు విషయం అదీ.

సరే, లెక్కలోకి వెళ్దాం. సాఫ్ట్‌వేర్‌లో ఒక అలవాటు ఉంది. యాప్ స్లోగా ఉందంటే వెంటనే కోడ్ మార్చం. ముందు ప్రొఫైలర్ రన్ చేసి, టైమ్ ఎక్కడ పోతోందో చూస్తాం. ఇక్కడ కూడా అదే చేద్దాం. ఎనర్జీ ఎక్కడ పోతోంది?

ముందు చల్లదనం. కోసిన వెంటనే గేదె మాంసం సుమారు 38 డిగ్రీల వేడి మీద ఉంటుంది. కోడి అయితే 41 దాకా. దాన్ని ఎంత త్వరగా చల్లార్చితే బ్యాక్టీరియా అంత తక్కువ. యూరప్ నిబంధన ప్రకారం పెద్ద పశువుల మాంసం 7 డిగ్రీలకి, కోడి మాంసం 4 డిగ్రీలకి దిగాలి. ఎగుమతికైతే ఇంకా గడ్డకట్టించి మైనస్ 18కి తీసుకెళ్లాలి.

ఇప్పుడు 100 కేజీల మాంసం తీసుకుందాం. 38 నుంచి 7 డిగ్రీలకి దించాలంటే అందులోంచి సుమారు 3 యూనిట్ల వేడి బయటికి తీయాలి. యూనిట్ అంటే మన కరెంట్ బిల్లులో ఉండే యూనిట్టే. అక్కణ్నుంచి గడ్డకట్టించి మైనస్ 18కి తేవాలంటే ఇంకో 7, 8 యూనిట్లు. గడ్డకట్టించడానికే ఎక్కువ, ఎందుకంటే మాంసంలో మూడొంతులు నీళ్లే, ఆ నీళ్లు మంచు అవ్వాలి. మొత్తం 10, 11 యూనిట్ల వేడి. ఆ వేడిని లాగడానికి కంప్రెసర్లు, ఫ్యాన్లు కలిపి 4, 5 యూనిట్ల కరెంట్ తింటాయనుకోండి. ఆ కరెంట్ కూడా చివరికి వేడిగానే మారుతుంది. రెండూ కలిపి 15 యూనిట్ల దాకా వేడి పైకప్పు మీదున్న కండెన్సర్ దగ్గర గాల్లో కలుస్తుంది. ఇది సుమారు లెక్క, ప్లాంట్‌ని బట్టి మారుతుంది. నమ్మకం లేకపోతే మీ ఇంట్లో ఫ్రిజ్ పక్కన గానీ వెనక గానీ చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది. అదే ఇది.

రెండోది వేడి. మాంసం కోసే కత్తులు స్టెరిలైజ్ చేయడానికి 82 డిగ్రీల నీళ్లు వాడతారు. చేతులు కడుక్కోవడానికి 40 చిల్లర. కోడి ఈకలు ఊడిరావాలంటే 50 నుంచి 60 డిగ్రీల నీళ్లలో ముంచాలి. షిఫ్ట్ అయిపోయాక కొవ్వు పట్టిన నేల, బల్లలు, కన్వేయర్లు అన్నీ వేడి నీళ్లతో కడగాలి. 25 డిగ్రీల నీళ్లు 100 లీటర్లు 82కి తేవాలంటే 6.6 యూనిట్ల వేడి కావాలి. ఒక పెద్ద ప్లాంట్ రోజుకి వేల లీటర్లలో వేడి నీళ్లు వాడుతుంది.

చూశారా? పారేసేదీ యూనిట్లలోనే ఉంది, కొనేదీ యూనిట్లలోనే ఉంది. రెండూ ఒకదానికొకటి పోల్చదగ్గ సైజులోనే ఉన్నాయి.

మరి పైపు వేసి కలిపేస్తే అయిపోతుంది కదా అంటారు. అక్కడే చిన్న మెలిక ఉంది. కండెన్సర్ దగ్గర దొరికే వేడిలో ఎక్కువ భాగం 30, 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గోరువెచ్చన. దానితో 82 డిగ్రీల నీళ్లు రావు. వేడి ఎంత ఉంది అనేది ఒక ప్రశ్న, ఎంత టెంపరేచర్ దగ్గర ఉంది అనేది ఇంకో ప్రశ్న. రెండోది మర్చిపోతే ప్లాన్ అంతా కాగితం మీదే ఉండిపోతుంది.

దీన్ని రెండు మెట్లలో చేస్తారు. మొదటి మెట్టు సింపుల్. అమ్మోనియా కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గ్యాస్ కండెన్సర్‌కి చేరేముందు బాగా వేడిగా, 80 డిగ్రీలు దాటి ఉంటుంది. దారిలో ఒక హీట్ ఎక్స్‌ఛేంజర్ పెడితే, మొత్తం వేడిలో 10 నుంచి 15 శాతం దాకా ఎక్కువ టెంపరేచర్‌లో దొరుకుతుంది. స్క్రూ కంప్రెసర్ అయితే దాని ఆయిల్ చల్లబరిచే చోట కూడా మంచి వేడి ఉంటుంది. వీటితో 25 డిగ్రీల నీళ్లని 55 దాకా తేవచ్చు. ఇప్పుడు బాయిలర్ పని 25 నుంచి 82 కాదు, 55 నుంచి 82. అంటే 57 డిగ్రీల పనిలో 30 డిగ్రీలు ఫ్రీగా అయిపోయాయి. అలా వేడెక్కిన ప్రతి లీటర్ మీదా సగానికి పైగా ఇంధనం మిగిలినట్టే.

రెండో మెట్టు హీట్ పంప్. ఏసీని తిరగేసి బిగించినట్టు అనుకోండి. గోరువెచ్చటి వేడిని తీసుకుని, కొంచెం కరెంట్ కలిపి, 80, 90 డిగ్రీలకి ఎత్తుతుంది.

ఇది ల్యాబ్ మాట కాదు. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్ సిటీ కబేళాలో 2011 నుంచి నడుస్తోంది. 800 కిలోవాట్ల హీట్ పంప్. అక్కడి అమ్మోనియా కూలింగ్ ప్లాంట్ పారేసే వేడి, ఎయిర్ కంప్రెసర్ల దగ్గర వృథా అయ్యే వేడి, వీటిని పట్టుకుని 90 డిగ్రీల వేడి నీళ్లు ఇస్తుంది. ఇంకో తమాషా ఏంటంటే ఆ మెషీన్ లోపల తిరిగే వాయువు కార్బన్ డయాక్సైడే. మనం విలన్ అనుకునే గ్యాస్‌తోనే పని చేయించుకుంటున్నారు. దీంతో ఆ కబేళా కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు దాదాపు 30 శాతం తగ్గాయి, అంటే ఏడాదికి సుమారు 510 టన్నులు. జంతువుల సంఖ్య తగ్గించలేదు, కూలింగ్ తగ్గించలేదు. పారేసే వేడిని వెనక్కి తెచ్చుకున్నారంతే.

ఇక్కడ టైమింగ్ సమస్య ఒకటి ఉంది. కూలింగ్ రోజంతా నడుస్తుంది. వేడి నీళ్లు మాత్రం షిఫ్ట్ అయిపోయాక కడిగే టైమ్‌లో ఒక్కసారిగా కావాలి. మరి ఏం చేయాలి? మనం ప్రోగ్రామింగ్‌లో క్యాష్ మెమరీ పెడతాం కదా, ఇక్కడ కూడా అదే: బాగా ఇన్సులేషన్ చేసిన పెద్ద ట్యాంక్. రోజంతా నింపు, రాత్రి వాడు. ఈ ట్యాంక్ సైజు సరిగ్గా లెక్కేయకపోతే ఎంత ఖరీదైన హీట్ పంప్ పెట్టినా బాయిలర్ మళ్లీ వెలుగుతుంది.

ఇప్పుడు ఒక నిజాయితీ ప్రశ్న. జ్యూరిక్‌లో పనిచేసింది కదా అని కళ్లు మూసుకుని మన దగ్గర పెట్టేయొచ్చా? స్విట్జర్లాండ్ కరెంట్‌లో ఎక్కువ భాగం జలవిద్యుత్తు, అణువిద్యుత్తు. మన గ్రిడ్‌లో ఎక్కువ భాగం బొగ్గు. మన దేశంలో 1 యూనిట్ కరెంట్‌కి సగటున సుమారు 0.7 కేజీల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. హీట్ పంప్ 1 యూనిట్ కరెంట్‌కి 3.5 యూనిట్ల వేడి ఇస్తే, ఒక యూనిట్ వేడికి 0.2 కేజీలు పడుతుంది. అదే బొగ్గు బాయిలర్ అయితే సుమారు 0.45 కేజీలు. ఫర్నేస్ ఆయిల్ అయితే 0.35. గ్యాస్ అయితే 0.24 దగ్గర. కాబట్టి బొగ్గు, ఆయిల్ మీద హీట్ పంప్ క్లియర్‌గా గెలుస్తుంది. గ్యాస్ మీద ఇప్పటికి కొంచెమే గెలుస్తుంది.

మరి ఊక బాయిలర్ మీద? మన మిల్లుల దగ్గర దొరికే వరి ఊక కాల్చే ప్లాంట్ అయితే, దాన్ని తీసేసి గ్రిడ్ కరెంట్‌తో హీట్ పంప్ పెడితే కార్బన్ లెక్క తగ్గకపోవచ్చు, పెరగొచ్చు కూడా. ఊక పొగ, బూడిద వేరే సమస్య, దాన్ని ఫిల్టర్‌తో చూసుకోవాలి. నేను చెప్పేదేంటంటే, వేరే దేశం సొల్యూషన్‌ని కాపీ పేస్ట్ చేయొద్దు. ఇన్‌పుట్స్ మన ఊరివి పెట్టి మళ్లీ లెక్క రన్ చేయాలి. మొదటి మెట్టు ఉంది చూశారా, ఆ హీట్ ఎక్స్‌ఛేంజర్, అది మాత్రం ఎక్కడైనా లాభమే. ఊక బాయిలర్ ఉన్నా ఊక మిగులుతుంది.

న్యూజిలాండ్ వేరే దారిలో వెళ్లింది. అక్కడ మాంసం, పాల ప్లాంట్లలో చాలా చోట్ల బొగ్గు బాయిలర్లు ఉండేవి. 2023లో ప్రభుత్వం నిబంధన పెట్టింది: 300 డిగ్రీల లోపు వేడి కోసం కొత్త బొగ్గు బాయిలర్ పెట్టకూడదు, ఉన్నవి 2037 కల్లా తీసేయాలి అని. ఎందుకు 300? ఎందుకంటే ఫుడ్ ఫ్యాక్టరీకి కావాల్సిన వేడి దాదాపు అంతా దానికి చాలా కిందే ఉంటుంది. 82 డిగ్రీల నీళ్ల కోసం బొగ్గు మంట అక్కర్లేదు కదా.

సరే, ఇవన్నీ పెద్ద పెట్టుబడులు. అంతకంటే ముందు చేయాల్సినవి ఉన్నాయి. చాలా కంపెనీలు ఏం చేస్తాయంటే, ముందు రూఫ్ మీద సోలార్ ప్యానెల్స్ పెట్టి, డ్రోన్ షాట్ తీసి పోస్ట్ చేస్తాయి. సోలార్ మంచిదే, నేను వద్దనట్లేదు. కానీ కుండకి చిల్లు ఉన్నప్పుడు ఇంకో బిందె నీళ్లు తెచ్చి పోయడం కంటే ముందు చిల్లు పూడ్చాలి.

చిల్లులు ఎక్కడ? మొదటిది తలుపు. మే నెలలో బయట 42 డిగ్రీలు, లోపల మైనస్ 18. లోడింగ్ వాళ్లు తలుపు తీసి పెట్టి ట్రక్కులోకి పెట్టెలు ఎక్కిస్తున్నారు. లోపలికి వేడి ఒక్కటే రాదు, తేమ కూడా వస్తుంది. ఆ తేమ కూలింగ్ కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. మంచు దుప్పటి కప్పుకున్న కాయిల్ సరిగ్గా చల్లబరచలేదు. మళ్లీ ఆ మంచు కరిగించడానికి వేడి కావాలి. ఒక్క తలుపు నిర్లక్ష్యానికి మూడు సార్లు బిల్లు. దీనికి మందు ప్లాస్టిక్ పట్టీల కర్టెన్, త్వరగా మూసుకునే తలుపు, సరిగ్గా ఉన్న రబ్బరు సీల్.

రెండోది పైకప్పు మీదున్న కండెన్సర్. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. మీ ఇంట్లో గీజర్ కాయిల్ తీసి చూస్తే తెల్లగా పెంకు కట్టి ఉంటుంది చూడండి, కండెన్సర్ ట్యూబుల మీద కూడా అదే. దాంతో వేడి సరిగ్గా బయటికి పోదు, కంప్రెసర్ ఇంకా గట్టిగా తొయ్యాలి. కండెన్సింగ్ టెంపరేచర్ 1 డిగ్రీ పెరిగితే కంప్రెసర్ కరెంట్ సుమారు 2 నుంచి 3 శాతం పెరుగుతుంది. 5 డిగ్రీలు పెరిగితే మీరే లెక్కేసుకోండి. నీళ్లు శుద్ధి చేసి, ట్యూబులు కడిగితే సరిపోయే పని ఇది.

మూడోది ఫ్యాన్లు, పంపులు. ఫ్యాన్ స్పీడ్‌ని 80 శాతానికి తగ్గిస్తే కరెంట్ 80 శాతం కాదు, దాదాపు 51 శాతానికి పడిపోతుంది. ఎందుకంటే కరెంట్ స్పీడ్‌కి ఘనం లెక్కన మారుతుంది: 0.8 ఇంటూ 0.8 ఇంటూ 0.8. అర్ధరాత్రి లోడ్ తక్కువ ఉన్నప్పుడు కూడా ఫ్యాన్లన్నీ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంటే అది డబ్బు గాల్లోకి ఊదడమే. వేరియబుల్ స్పీడ్ డ్రైవ్ పెట్టేది ఇందుకే.

నాలుగోది గాలి లీకులు. కంప్రెస్డ్ ఎయిర్ అనేది ఫ్యాక్టరీలో అత్యంత ఖరీదైన ఎనర్జీల్లో ఒకటి. పట్టించుకోని ప్లాంట్లలో అందులో 20, 30 శాతం లీకుల్లోనే పోతుంది. ఆదివారం ప్లాంట్ ఆపేసినప్పుడు ఒక రౌండ్ నడిస్తే 'స్‌స్‌స్' అని వినపడుతుంది. చెవి చాలు, సెన్సర్ కూడా అక్కర్లేదు.

ఇక్కడ ఒక గీత గీయాలి. కరెంట్ మిగిల్చాలని 4 డిగ్రీలు ఉండాల్సిన గదిని 9కి పెంచితే, దాన్ని ఎఫిషియెన్సీ అనరు. మాంసం పాడైతే తినేవాడి ఆరోగ్యం పోతుంది. లేదా పారేయాలి. పారేసిన ప్రతి కేజీ వెనక, ఆ పశువు తిన్న మేత, తాగిన నీళ్లు, వదిలిన మీథేన్ అంతా ఉంటుంది. ప్లాంట్‌లో మిగిల్చిన కరెంట్ కంటే అది ఎన్నో రెట్లు పెద్దది. టెంపరేచర్ అలాగే ఉంచి ఖర్చు తగ్గిస్తేనే లెక్క.

ఇప్పుడు అందరూ మర్చిపోయే చోటుకి వెళ్దాం. ప్లాంట్ వెనకున్న మురుగు గుంట.

కడిగిన నీళ్లలో రక్తం, కొవ్వు, పేడ, చిన్న చిన్న మాంసం ముక్కలు ఉంటాయి. ఇవన్నీ లోతైన గుంటలో గాలి తగలకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది. 100 ఏళ్ల లెక్కలో ఒక కేజీ మీథేన్ సుమారు 28 కేజీల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అదే మీథేన్‌ని పట్టుకుని కాల్చేస్తే, కేజీకి 2.75 కేజీల కార్బన్ డయాక్సైడే వస్తుంది. అంటే వదిలేసినదానితో పోలిస్తే పదో వంతు, పైగా వేడి ఫ్రీ.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. రోజుకి 5 లక్షల లీటర్ల మురుగు నీళ్లు వచ్చే ప్లాంట్ అనుకోండి. లీటర్‌కి 4 గ్రాముల సీఓడీ, అంటే నీళ్లలో కుళ్లే సరుకు ఎంత ఉందో చెప్పే కొలత. రోజుకి 2,000 కేజీలు. అందులో 80 శాతం గ్యాస్‌గా మారితే, కేజీకి 0.35 ఘనమీటర్ల చొప్పున 560 ఘనమీటర్ల మీథేన్. ఒక ఘనమీటర్‌లో సుమారు 10 యూనిట్ల వేడి ఉంటుంది. బాయిలర్ నష్టాలు తీసేసినా, రోజుకి దాదాపు 67 వేల లీటర్ల నీళ్లని 25 నుంచి 82 డిగ్రీలకి వేడి చేయొచ్చు. కడిగిన నీళ్లే మళ్లీ కడగడానికి వేడి ఇస్తున్నాయి.

అదే గ్యాస్ మొత్తం గాల్లోకి పోయిందనుకోండి. 400 కేజీల మీథేన్, అంటే 11 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లెక్క, రోజుకి. మన గ్రిడ్ కరెంట్‌లో చెప్పాలంటే 16 వేల యూనిట్లు. నిజానికి తెరిచిన గుంటలో అంతా మీథేన్‌గా మారదు, ఎంత మారుతుందనేది గుంట లోతుని బట్టి, వేడిని బట్టి ఉంటుంది. కానీ సగం అనుకున్నా చిన్న సంఖ్య కాదు. కరెంట్ బిల్లు ప్రతి నెలా వస్తుంది కాబట్టి మేనేజర్ కంట్లో పడుతుంది. గుంటకి బిల్లు రాదు, అందుకే ఎవరికీ కనపడదు.

ఇది మనకి కొత్త టెక్నాలజీ కాదు. సంగారెడ్డి జిల్లా రుద్రారం దగ్గరున్న అల్ కబీర్ ప్లాంట్‌లో కబేళా వ్యర్థాల నుంచి బయోగ్యాస్ తీసే యూనిట్‌ని చాలా ఏళ్ల కిందటే పెట్టారు. హైదరాబాద్ శివారు చెంగిచర్లలో మాంసం మీద పరిశోధన చేసే జాతీయ సంస్థ కూడా ఉంది. తెలివి మన గుమ్మంలోనే ఉంది.

ఇంకో కనపడని లీక్ ఉంది, కూలింగ్ గ్యాస్. పెద్ద ప్లాంట్లు ఎక్కువగా అమ్మోనియా వాడతాయి. దాదాపు 150 ఏళ్లుగా వాడుతున్న గ్యాస్ అది. లీకైనా భూమిని వేడెక్కించదు. కానీ మనుషులకి విషం. అందుకే డిటెక్టర్లు, మాస్కులు, ట్రైనింగ్ లేకుండా అమ్మోనియా పెట్టకూడదు. పర్యావరణం పేరు చెప్పి కార్మికుల ఊపిరితో ఆడుకోవడం కుదరదు.

చిన్న ప్లాంట్లు ఆ భయంతో ఆర్-404ఏ లాంటి గ్యాస్‌లు పెట్టుకుంటాయి. అది మనుషులకి అంత ప్రమాదం కాదు. కానీ ఒక్క కేజీ లీకైతే సుమారు 3,900 కేజీల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏడాదిలో 50 కేజీలు లీకై మళ్లీ నింపారంటే, 2 లక్షల 80 వేల యూనిట్ల కరెంట్ కాల్చినంత వేడెక్కించే ప్రభావం. ఇది కూడా కరెంట్ బిల్లులో రాదు, 'గ్యాస్ ఫిల్లింగ్' అని ఒక చిన్న లైన్‌లో వస్తుంది.

పైగా కిగాలీ ఒప్పందం ఉంది. మన దేశం 2021లో ఆమోదించింది. దాని ప్రకారం 2032 నుంచి ఇలాంటి గ్యాస్‌ల వాడకం తగ్గించుకుంటూ 2047కి 85 శాతం తగ్గించాలి. ఇవాళ ఆర్-404ఏ మెషీన్ కొన్నవాళ్లకి, మెషీన్ సగం వయసులో ఉండగానే గ్యాస్ దొరకడం కష్టమవుతుంది, రేటు పెరుగుతుంది. పాతికేళ్ల లెక్క అని మొదట్లో అన్నది ఇందుకే.

ఇప్పుడు మీలో చాలామంది అడగబోయే ప్రశ్న. "బ్రో, అసలు మాంసం తినడం తగ్గిస్తే సరిపోతుంది కదా? ప్లాంట్‌లో ఈ చిల్లర మిగిల్చి ఏం లాభం?"

న్యాయమైన ప్రశ్న. నిజం చెప్పాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం, మనుషుల వల్ల వచ్చే మొత్తం గ్రీన్‌హౌస్ వాయువుల్లో పశుపోషణ వాటా 2013 రిపోర్ట్‌లో 14.5 శాతం, 2023 రిపోర్ట్‌లో సుమారు 12 శాతం. అందులో పెద్ద భాగం పశువు కడుపులో తయారయ్యే మీథేన్, మేత పండించడం, పేడ. ప్రాసెసింగ్ ప్లాంట్‌ది చిన్న వాటా. కాబట్టి ఏ కంపెనీ అయినా "మా ప్లాంట్ గ్రీన్, కాబట్టి మా మాంసం గ్రీన్" అని చెప్తే నమ్మకండి. ఆ రెండూ వేర్వేరు వాక్యాలు.

అలాగని ప్లాంట్‌ని వదిలేయాలా? పశువు కడుపులో మీథేన్ తగ్గించడానికి ఇంకా ప్రయోగాలు జరుగుతున్నాయి. ఎవరేం తినాలో చెప్పడం నా పని కాదు. కానీ ప్లాంట్‌లో ఏం చేయాలో ఇవాళే తెలుసు. మెషీన్లు మార్కెట్‌లో ఉన్నాయి, డబ్బు కూడా వెనక్కి వస్తుంది. చేయగలిగిన చిన్న పనిని, చేయలేని పెద్ద పనిని చూపించి వాయిదా వేయడం మాత్రం నాకు నచ్చదు.

మరి ఇంత లాభం ఉంటే అందరూ ఎందుకు చేయట్లేదు? టెక్నాలజీ వల్ల కాదు. చాలా ప్లాంట్లలో కూలింగ్ ఒకరి కింద, బాయిలర్ ఇంకొకరి కింద, మురుగు నీళ్లు మూడోవాళ్ల కింద ఉంటాయి. ఎవరి టార్గెట్ వాళ్లది. కూలింగ్ మేనేజర్ హీట్ ఎక్స్‌ఛేంజర్ పెడితే ఖర్చు తన బడ్జెట్‌లో, లాభం బాయిలర్ బడ్జెట్‌లో. ఆయనెందుకు పెడతాడు? పైగా ప్లాంట్ మొత్తానికి ఒకటే కరెంట్ మీటర్. ఏ మెషీన్ ఎంత తింటోందో తెలీదు. లాగ్స్ లేకుండా డీబగ్ చేయమన్నట్టు. అందుకే మొదటి ఖర్చు సోలార్‌కి కాదు, హీట్ పంప్‌కి కూడా కాదు, సబ్ మీటర్లకి పెట్టాలి. కూలింగ్‌కి ఒకటి, కంప్రెస్డ్ ఎయిర్‌కి ఒకటి, వేడి నీళ్లకి ఒకటి. తర్వాత చిల్లులు పూడ్చు. తర్వాత పారేసే వేడి పట్టుకో. తర్వాత గుంట కప్పు. అప్పుడు మిగిలిన కరెంట్‌కి సోలార్ పెట్టు. అప్పటికి ప్యానెల్స్ కూడా తక్కువే సరిపోతాయి.

మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ చదువుతున్న వాళ్లకి ఒక మాట. మన బ్యాచ్‌ల్లో అందరం కోడింగ్ వైపు పరిగెత్తాం, నేనూ అందులో ఒకణ్నే. కానీ ఈ పనికి మనుషులు కావాలి. కేంద్రంలో బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అని ఒక సంస్థ 2002 నుంచి ఉంది. ఎనర్జీ ఆడిటర్ సర్టిఫికేషన్‌కి పరీక్ష పెడతారు. వాళ్ల గైడ్ పుస్తకాల్లో బాయిలర్, కంప్రెసర్, ఫ్యాన్ లెక్కలు చాలా క్లియర్‌గా ఉంటాయి. ఒకసారి చదవండి.

మీ ఊరి దగ్గర ఏదైనా మాంసం ప్లాంట్, డైరీ, రొయ్యల ప్లాంట్ ఉంటే, ఇండస్ట్రియల్ విజిట్‌కి వెళ్తే, మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, కండెన్సర్ వేడి ఎక్కడికి పోతోంది? రెండు, పోయినేడాది ఎన్ని కేజీల కూలింగ్ గ్యాస్ నింపారు? మూడు, వెనక గుంటకి మూత ఉందా? ఈ మూడింటికీ టక్కున జవాబు వచ్చిందంటే ఆ ప్లాంట్‌ని ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నట్టు. రాలేదంటే అక్కడ ఒక మంచి ప్రాజెక్ట్ మీ కోసం ఎదురు చూస్తున్నట్టు.

మీరు అడిగిన ప్లాంట్‌లో ఏం జవాబు వచ్చిందో కామెంట్స్‌లో రాయండి, పేరు రాయక్కర్లేదు. లెక్కల్లో ఎక్కడైనా డౌట్ ఉంటే అదీ అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను అండి, బై.